తెల్ల సుద్దతో రాసిన బస్సులు

"మా నాన్నని ఎవరు తోశారో తర్వాత చూద్దురుగాని బాబాయ్ గారూ. ముందు ఆ బస్సుల సంగతి తేల్చండి. మా పాపని పంపనా, వద్దా?"

మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. అపార్ట్‌మెంటు మొదటి అంతస్తు మెట్ల మలుపు. నా ముందు గోడకి ఒక నల్ల బోర్డు, దాని కింద ముక్కాలి పీట. వెనక పద్నాలుగు మెట్లు. ఆ మెట్ల అడుగున, ఈ తెల్లవారుజామున ప్రూఫు మాస్టారు తల పగిలి పడున్న చోటు. నన్ను పిలిచింది ఆయన కూతురు. బట్టలు కుడుతుంది. మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మర్చిపోయింది.

ఇరవై రెండేళ్ళుగా డిటెక్టివ్ పని చేస్తున్నాను. శవం కంటే ముందు బస్సు గురించి అడిగిన క్లయింటు ఈవిడే. తప్పుపట్టే ముఖం నాకు లేదు. నా భార్యా, నా కూతురూ అదే బస్సు కోసం ఇరవై నిమిషాల క్రితం బయల్దేరారు. "ఈ పని చూసుకుని వెనకాలే వస్తాను, నాకూ ఒక సీటు ఆపండి" అని నేనే పంపాను.

తొమ్మిది రోజుల కింద ఊరవతల ఫ్యాక్టరీలో ఏదో పేలింది. ఏదో అంటే ఏదో, అంతే. ఆ పూట నుంచి ఫోన్లు లేవు, టీవీ లేదు, పేపరు లేదు. రేడియో పెడితే గరగర. పెట్రోలు అయిపోతుందని ఎవరో అంటే, అందరూ ఎగబడి ఆ మాట మధ్యాహ్నానికల్లా నిజం చేశారు. గాలిలో ఏముందో, కిటికీ తియ్యొచ్చో లేదో చెప్పే దిక్కు లేదు. ఎవరికి తోచింది వాళ్ళు చేశారు. కొందరు జేబులో ఉల్లిపాయ పెట్టుకు తిరిగారు. మా పక్కింటాయన పోయిన నెల పేపర్లన్నీ మొదట్నుంచీ మళ్ళీ చదివి, పరిస్థితి అదుపులోనే ఉందని మాకు ధైర్యం చెప్పాడు. గుమ్మాల కింద తడిగుడ్డ మాత్రం ఊరంతా పరిచింది. పరవమని ఎవరు చెప్పారో ఎవరికీ తెలీదు.

మా నాలుగు వీధులకీ దిక్కు ఈ బోర్డే. ప్రూఫు మాస్టారు నలభై ఏళ్ళు ప్రెస్సులో తప్పులు దిద్దిన మనిషి. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. పసుపు సుద్ద దారంతో బోర్డుకి కట్టి ఉంటుంది. ఏదైనా విన్నవాళ్ళు ఎవరైనా సరే వచ్చి రాసి, పక్కన తమ పేరు వెయ్యొచ్చు. అదే మాట ఇంకొకరు, మొదటివాళ్ళతో సంబంధం లేనివాళ్ళు, వేరేగా తెచ్చి చెబితే, అప్పుడు మాస్టారు దాన్ని చెరిపి తెల్ల సుద్దతో తిరగరాస్తారు. పసుపంటే పుకారు. తెలుపంటే నమ్మొచ్చు. తెల్ల సుద్ద ఆయన చొక్కా జేబు దాటి బయటికి రాదు. పొద్దున ఆరింటికీ, సాయంత్రం ఆరింటికీ జనం వచ్చి చదువుకుపోతారు.

తమ పసుపుని తెలుపు చేయించుకోడానికి ఎన్ని సిఫార్సులు! "మా బావమరిది చెప్పాడంటే ఇద్దరు చెప్పినట్టే మాస్టారూ" అన్నాడొకాయన నా ముందే.

"మీ బావమరిది కాస్త లావుగా ఉంటాడు గానీ, ఒక్కడేనండీ" అన్నారు మాస్టారు.

ఇప్పుడా బోర్డు మీద తెల్లగా ఒకే వార్త ఉంది. "రేపు సాయంత్రం నాలుగింటికి పాత పంచదార మిల్లు దగ్గరికి బస్సులు వస్తాయి. అందర్నీ ఊరు దాటిస్తారు."

"ఇది నిన్న సాయంత్రం ఆరింటికి రాశారు. అవునా?" అన్నాను.

"అవును బాబాయ్ గారూ. కానీ రాత్రంతా నిద్రపోలేదు. 'ఎక్కడో తేడా కొడుతోందమ్మా' అంటూ కాగితం మీద ఏవో గీతలు గీస్తూ కూర్చున్నారు. పొద్దున ఐదున్నరకి పాలవాడు తలుపు కొట్టాడు. గుమ్మంలోనే ఏదో మాట్లాడుకున్నారు. నాన్న లోపలికొచ్చి తువ్వాలు తడిపి, 'ఆ లైను తుడిచేసి వస్తా, పాపని ఎక్కడికీ పంపకు' అని వెళ్ళారు. ఐదూ నలభై. నేను మళ్ళీ కళ్ళు మూశాను. ఆరూ ఐదుకి సెక్రటరీ గారి కేక."

"పాలవాడేం చెప్పాడు?"

"నాకు వినపడలేదు. వాడు మళ్ళీ కనపడలేదు."

తుడుస్తానని వెళ్ళిన మనిషి పోయాడు. తుడవాల్సిన లైను చెక్కుచెదరకుండా ఉంది. నాకు అనుమానం మొదలైంది అక్కడే. పీట ఎక్కి బోర్డుకి ముక్కు ఆనించాను.

చెక్కుచెదరకుండా ఏమీ లేదు. "పాత పంచదార మిల్లు" దాకా అక్షరాలు అచ్చుపోసినట్టు, ఒకే ఎత్తులో ఉన్నాయి. అక్కణ్ణుంచి చివరిదాకా వెనకాల బూడిదరంగు మరక ఉంది. తడిగుడ్డతో తుడిచి ఆరితే మిగిలే మరక. దాని మీద అవే మాటలు మళ్ళీ రాశారు. గట్టిగా నొక్కి, కిందికి జారిపోతూ, ఎవరో తరుముతున్నట్టు.

"బోర్డు నాకేస్తున్నారా అన్నయ్యా? సున్నం తక్కువైందా ఒంట్లో?"

వెనక్కి తిరగకుండానే తెలిసింది. మా ఇన్‌స్పెక్టరు. వృత్తిలో నాకు పోటీ. ఇంట్లో నాకు తోడల్లుడు. మా మామగారింట్లో కాఫీ ముందు ఎవరికి ఇస్తారన్న విషయం మీద మా ఇద్దరి మధ్యా పన్నెండేళ్ళుగా ఒక కేసు నడుస్తోంది. ఇంకా తేలలేదు.

"రా తమ్ముడూ. నువ్వేం తేల్చావు?"

"తేల్చడానికేముంది? డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. సోడాబుడ్డి కళ్ళద్దాలు. పీట ఎక్కాడు. మెట్లు తడిగా ఉన్నాయి. కాలు జారింది. ఫైలు మూసేశా. మీరూ సామాను సర్దుకోండి, నాలుగింటికి బస్సు."

"మెట్లు తడి ఎందుకయ్యాయి?"

"తడిగుడ్డ పట్టుకొచ్చాడు కాబట్టి. ఆమాత్రం తెలీదా?"

"తెలిసింది. ఆ గుడ్డేది?"

ఇన్‌స్పెక్టరు జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు.

"గుడ్డ లేదు" అన్నాడు.

"శవం జేబులో ఏమున్నాయి?"

"కళ్ళజోడు డబ్బా. పెన్సిలు. ఇంటి తాళంచెవి. ఒక కాగితం, వాళ్ళ వంశవృక్షం లాంటిదేదో."

"తెల్ల సుద్ద?"

మాస్టారి కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసేశాడు.

"పడినప్పుడు ఎగిరి ఎక్కడో పడుంటుంది" అన్నాడు.

"ఎగిరిపడి, మెట్లెక్కి వచ్చి, సగం లైను రాసి పడుంటుంది. ఆ వంశవృక్షం ఇలా ఇవ్వు."

పాత ప్రూఫు కాగితం అది. వెనక పెన్సిలుతో పేర్లు, పేర్ల మధ్య బాణాలు. పైన 'బస్సులు' అని రాసి ఉంది. మొదటి పేరు సెక్రటరీ, మొన్న సాయంత్రం ఆరు, పసుపు. అక్కణ్ణుంచి బాణాలు నాలుగు వీధుల్లోకీ పోయాయి. అట్టడుగున వేరేగా ఇన్‌స్పెక్టరు, నిన్న మధ్యాహ్నం. ఆ పేరు దగ్గరికి వచ్చే బాణానికి మొదలు లేదు. అక్కడ ఒక ప్రశ్న గుర్తు పెట్టి, పెన్సిలు విరిగేలా దాని చుట్టూ సున్నా చుట్టారు మాస్టారు.

"చూశావా? రెండో సాక్షివి నువ్వే. నువ్వు చెప్పాకే ఇది తెల్లబడింది."

"చెప్పా. అయితే?" ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. "పోలీసు చెప్పిన మాట కాకపోతే, మీ ఉల్లిపాయల బ్యాచి చెప్పిన మాట రాస్తారా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"అది డిపార్టుమెంటు రహస్యం."

సరిగ్గా అప్పుడే ఎదురు తలుపు తెరుచుకుంది. సెక్రటరీ. అపార్ట్‌మెంటు సంఘానికి పదేళ్ళుగా ఈయనే సెక్రటరీ, ఇంకెవరూ ఒప్పుకోక. చేతిలో తాళంచెవుల గుత్తి, ప్రతి చెవికీ ఫ్లాటు నంబరు చీటీ.

"అందరూ వెళ్ళిపోయారండీ. మీరు ముగ్గురూ కూడా దిగితే గేటుకి తాళం వేసుకుంటాను."

"రెండు ప్రశ్నలు. తర్వాత తాళం" అని నేను ఆయన్ని తోసుకుంటూ లోపలికి నడిచాను. మిగతా ఇద్దరూ నా వెనకే వచ్చారు.

హాల్లో సామాను సర్ది ఉంది. కుక్కరు, మిక్సీ, పెళ్ళి ఆల్బం, ప్లాస్టిక్ కవర్లో రేషన్ కార్డు, టీవీ రిమోటు.

"టీవీ వదిలేసి రిమోటు పట్టుకెళ్తున్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రిమోటు లేకపోతే దొంగ ఎత్తుకెళ్ళినా వాడికి పనికిరాదు కదండీ."

"మీ ఆవిడేరి?" అన్నాను.

"ముందే వెళ్ళింది. మా వింగు వాళ్ళందరికీ సీట్లు ఆపడానికి. పన్నెండు రుమాళ్ళు ఇచ్చి పంపాను."

"పొద్దున ఎన్నింటికి లేచారు?"

"ఆరుంబావుకి."

"ఆరూ ఐదుకి కేకేశారటగా."

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. "అది పది నిమిషాలు ముందు పెడతానండీ. ఎక్కడికెళ్ళినా టైముకి ఉండాలని."

"అంటే మీకు మెలకువ వచ్చిన నిమిషమే కేక కూడా వచ్చింది. మంచం మీంచే కనపడ్డారా మాస్టారు?"

"లేదండీ, తలుపు తీసి చూస్తే..."

"చొక్కా ఎప్పుడు వేసుకున్నారు? కేక విని వచ్చినవాళ్ళంతా లుంగీల్లో, నైటీల్లో వచ్చారు. మీరొక్కరే ప్యాంటూ చొక్కాతో, టక్ చేసుకుని ఉన్నారని కింద వాచ్‌మన్ చెప్పాడు."

"నేను... ప్రయాణం కదండీ. పొద్దున్నే తయారైతే ఒక పనైపోతుందని." అరచేతులు ప్యాంటుకి రుద్దుకున్నాడు.

"సాయంత్రం నాలుగింటి బస్సుకి ఆ కేకకి ముందే తయారయ్యారు. తయారైన మనిషి ఆరింటికి ముందు తలుపు తియ్యకుండా ఎలా ఉంటాడు సెక్రటరీ గారూ? బోర్డు మీ గుమ్మానికి ఎదురే. పీట లాగిన చప్పుడు వినపడలేదా?"

"మా ఇంట్లో ఏమీ వినపడదండీ. తలుపు కింద సందు లేకుండా గుడ్డ..."

మాట మధ్యలో మింగేశాడు. మేం నలుగురం ఒకేసారి కిందికి చూశాం. గుమ్మానికి అడ్డంగా పరిచిన తడి తువ్వాలు, నీలం చారలది. మాస్టారి కూతురు మోకాళ్ళ మీద కూర్చుని అంచు వేళ్ళతో పట్టుకుంది.

"ఎర్రదారం" అంది. "తెల్లదారం అయిపోయి నాన్న తువ్వాలుకి ఎర్రదారంతో అంచు కుట్టాను. పోయిన వారమే."

తువ్వాలు మడత విప్పితే లోపల తెల్లటి సుద్ద చారికలు.

"ఇంకెక్కడైనా పారెయ్యలేకపోయావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, పోలీసుగా కాదు, నిజంగా అర్థంకాక.

"మంచి గుడ్డండీ" అన్నాడు సెక్రటరీ నెమ్మదిగా. "పైగా తడిపే ఉంది. పారెయ్యడం ఎందుకని..."

తర్వాత ఆయనంతట ఆయనే కూలబడి చెప్పాడు. మేం అడగాల్సిన పని లేకపోయింది.

"మా ఆవిడ వారం నుంచి నిద్రపోవట్లేదండీ. మనల్ని తీసుకెళ్ళడానికి ఎవరైనా వస్తారా, వస్తారా అని ఒకటే గొడవ. ఊరుకోబెట్టడానికి బస్సులొస్తున్నాయట అన్నాను. ఎక్కడికంది. మిల్లు దగ్గర రోడ్డు వెడల్పు కదా, బస్సులు తిరగడానికి బావుంటుందని మిల్లు అన్నాను. పావుగంటలో నాలుగు ఫ్లాట్లకి చెప్పేసింది. ఇంక బోర్డు మీద రాయకపోతే బావుండదు కదండీ. పసుపుతోనే రాశాను. నా పేరు కూడా వేశాను."

"అంటే బస్సుల్లేవు" అన్నాను.

"అదేంటండీ! నిన్న ఇన్‌స్పెక్టరు గారే స్వయంగా వచ్చి చెప్పారు కదా. మాస్టారు తెల్ల సుద్దతో రాశారు కదా. నేను పుట్టించిందే అయినా, పోలీసు నోట విన్నాక నాకూ నమ్మకం కుదిరింది. రాత్రి మేమిద్దరం హాయిగా నిద్రపోయాం. పొద్దున తలుపు తీస్తే, ఈయన తుడిచేస్తున్నాడు!"

"ఏమన్నారు మాస్టారు?"

"'అంతా ఒక్క నోటి మాటే తిరిగి తిరిగి మన దగ్గరికొచ్చిందయ్యా' అన్నాడు. పాలవాడు నిన్న చీకటి పడే ముందు మిల్లు వైపు వెళ్ళాడట. అక్కడ పల్లంలో పొగమంచులాగా ఏదో పరుచుకుని ఉందట. ఆరు గేదెలు, నిలబడ్డవి నిలబడ్డట్టే పడిపోయి ఉన్నాయట. కాకి కూడా వాలట్లేదట. వాడు సగంలోంచే తిరిగొచ్చాడట."

మాస్టారి కూతురు లేచి నిలబడింది. ఇంకేమీ వినకుండా పరుగున మెట్లెక్కి పాప దగ్గరికి వెళ్ళిపోయింది. పైన తలుపు గడియ పడ్డ చప్పుడు వినపడింది.

"పాలవాడు ఒక్కడే కదా మాస్టారూ, ఒక్కడి మాట పసుపే కదా, మీ రూలే కదా అన్నాను. వినడే! గుడ్డ పట్టుకుని లాగాను. ఆయన వదల్లేదు. నేను లాగాను. తర్వాత గుడ్డ నా చేతిలో ఉంది. ఆయన లేడు."

"ఆ తర్వాత?"

"దిగాను. జేబులో సుద్ద తీసుకున్నాను. పైకొచ్చి రాశాను."

"బతికున్నాడా అప్పటికి?"

"చూడలేదండీ. ఆరవుతోంది. జనం వచ్చే టైము."

ఇన్‌స్పెక్టరు సంకెళ్ళు తీశాడు గానీ వెయ్యలేదు. చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "అబద్ధం" అన్నాడు. "గేదెల సంగతి అబద్ధం. నా సమాచారం ఖచ్చితమైంది. దీనికి ఈయనతో ఏ సంబంధమూ లేదు."

"ఎవరు చెప్పారు నీకు? ఇప్పుడైనా చెప్పు."

"మా ఆవిడ."

"తనకి?"

"వాళ్ళక్క. అంటే... మీ ఆవిడ."

మొన్న సాయంత్రం ఆరింటికి ఈ బోర్డు దగ్గరికి నేనూ వచ్చాను. పసుపు లైను చదివాను. ఇంటికెళ్ళి చెప్పులు విప్పుతూ, "బస్సులొస్తాయటోయ్" అన్నాను. పసుపు అన్న మాట చెప్పానా? చెప్పలేదు. ఇంటికి ఒక్క మంచి కబురు తీసుకెళ్ళి అప్పటికి వారమైంది. కొంచెం గొప్పగానే చెప్పాను.

"మీ ఆవిడకి ఎవరు చెప్పారు అన్నయ్యా?"

"నేను."

"మీకు?"

చేత్తో బోర్డు చూపించాను.

మాస్టారు ప్రశ్న గుర్తు చుట్టూ పెన్సిలు విరగ్గొట్టుకున్న ఆ ఖాళీలో ఉన్నది నా పేరు. రాత్రంతా ఆయన వెతికిన దొంగ, నాలుగిళ్ళ అవతల హాయిగా పడుకుని ఉన్నాడు. తలుపు తట్టి అడిగుంటే ఒక్క మాటతో తేలిపోయేది.

తోడల్లుడు గోడకి చేరగిలబడ్డాడు.

"నేను జీపు పంపాను" అన్నాడు.

"ఏ జీపు?"

"మైకు జీపు. పన్నెండింటి నుంచి ఊరంతా చెప్పించాను. ఒంటిగంటా ఇరవైకి జనాన్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. దారి చూపించడానికి జీపు ముందు, జనం వెనక. రెండు వేలమందికి తక్కువ ఉండరు. మా ఆవిడా, పిల్లలూ... అక్కయ్యా వాళ్ళూ కూడా అందరికంటే ముందున్నారు. మంచి సీట్లు దొరుకుతాయని నేనే ముందు నిలబెట్టాను."

గోడ గడియారం చూశాను. రెండూ ఇరవై. పది నిమిషాలు తీసేశాను. రెండూ పది. మిల్లు ఇక్కడికి రెండు కిలోమీటర్లు. కుక్కర్లతో, ముసలివాళ్ళతో నడిచినా గంట. పల్లం మొదలయ్యే మలుపు దాకా ఈపాటికి వచ్చేసి ఉండాలి.

"ఆపడానికి ఇంకో బండి?"

"లేదు. ఒక్క జీపుకే పెట్రోలుంది."

నేను కిటికీ దగ్గరికి వెళ్ళి తొమ్మిది రోజులుగా మూసున్న రెక్కలు బార్లా తెరిచాను. సెక్రటరీ "గాలండీ! గాలి!" అని అరిచాడు. బయట వీధిలో మనిషి లేడు. మోటారు చప్పుడు లేదు. గాలి మిల్లు వైపు నుంచే మా మొహాల మీదికి కొడుతోంది, దాంతోపాటు పల్చగా, దూరంగా, మైకు గొంతు.

"...తోసుకోవద్దు... పిల్లల చేతులు పట్టుకోండి... నాలుగు గంటలకి బస్సులు... ఇది ధ్రువీకరించిన సమాచా..."

దగ్గు. మైకులో దగ్గు ఊరంతా వినపడింది. ఒకటి, రెండు, వరసగా. తర్వాత ఏదో మెత్తగా ఒరిగిపడిన చప్పుడు.

ఆ వెంటనే జీపు హారను మోగింది. ఆగలేదు. ఎవరో దాని మీద తల వాల్చి పడుకున్నట్టు ఒకే మోత, సన్నగా, పొడుగ్గా, తెగకుండా.

"అన్నయ్యా" అన్నాడు తోడల్లుడు. పన్నెండేళ్ళలో వెటకారం లేకుండా ఆ మాట అనడం ఇదే మొదటిసారి. సంకెళ్ళు కింద పడేసి మెట్ల వైపు పరిగెత్తాడు. నేను వెనకే కదిలాను.

గుమ్మం దాటుతుండగా సెక్రటరీ నా మోచెయ్యి పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు, మొహమంతా వెలుగు.

"విన్నారా? హారను! బస్సులు ముందే వచ్చేశాయండీ! నేను చెప్పలేదూ?"

విదిలించుకుని పరిగెత్తాను. ఒకేసారి మూడేసి మెట్లు దిగుతూ కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఆ హారను రోడ్డు మీద రెండు వేలమందికీ వినపడే ఉంటుంది. దాన్ని విని వాళ్ళేమనుకుని ఉంటారో కనుక్కోడానికి డిటెక్టివ్ అక్కర్లేదు.

ఈపాటికి నడక మాని పరుగు మొదలెట్టి ఉంటారు.